పార్లమెంటు పట్టిన కుందేలు

2022 జూన్ 14 రాత్రి దక్షిణ ఇంగ్లండ్‌లోని బోస్కోంబ్ డౌన్ సైనిక విమానాశ్రయంలో ఓ బోయింగ్ 767 సిద్ధంగా నిలిచి ఉంది. బ్రిటన్‌లో ఆశ్రయం కోరుతూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చిన్న పడవల్లో సముద్రం దాటొచ్చిన వారిని ఆఫ్రికాలోని రువాండాకు తరలించే తొలి విమానమది. కోర్టుల్లో పిటిషన్లు పడేకొద్దీ ప్రయాణికుల జాబితా కరిగిపోయి చివరికి ఏడుగురు మిగిలారు. వారిలో ఓ ఇరాకీ విషయంలో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం అడ్డుపడింది. అదే ఆసరాగా మిగతావారి లాయర్లూ కోర్టుకెక్కారు. ఒక్కొక్కరి పేరే రద్దవుతూ వచ్చి, ఎగరాల్సిన విమానం ఎగరలేదు. ఆ తర్వాత మరొకటీ ఎగరలేదు. 2024 జూలైలో కొత్త ప్రభుత్వం పథకానికి మంగళం పాడేనాటికి 70 కోట్ల పౌండ్లు హారతి కర్పూరమయ్యాయి. రువాండా వెళ్లింది నలుగురు. వాళ్లూ తమంతట తాము ఒప్పుకుని వెళ్లినవారే.

డబ్బు సంగతి అక్కడ పన్ను కట్టేవాళ్లు చూసుకుంటారు. దూరం నుంచి చూస్తున్న మనల్ని కలవరపెట్టేది ఈ మధ్యలో నడిచిన తంతు. రువాండాకు పంపినవారిని, వాళ్లు ఏ దేశం నుంచి పారిపోయి వచ్చారో అక్కడికే తిప్పి తోలే ప్రమాదం నిజంగా ఉందని, కనుక పథకం చెల్లదని 2023 నవంబర్ 15న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. రిషి సునాక్ ప్రభుత్వం రువాండాతో ఓ కొత్త ఒప్పందం రాసుకుని, దాని వెనకే చట్టం తెచ్చింది. రువాండా సురక్షిత దేశమేనని అధికారులూ కోర్టులూ భావించి తీరాలన్నది అందులోని మాట. 2024 ఏప్రిల్ 25న దానిపై రాజముద్ర పడింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాళ్లను మన ఊళ్లలో చాలామందినే చూశాం. ఆ వాదననే చట్టంగా రాసి, నాలుగో కాలు లెక్కపెట్టొద్దని జడ్జీల నోరు కట్టేసిన పార్లమెంటు మాత్రం అరుదు.

అలా చేయడానికి అక్కడ అడ్డేమీ లేకపోవడమే అసలు చిక్కు. బ్రిటన్‌కు ఒకే గ్రంథంగా రాసుకున్న రాజ్యాంగం లేదు. పార్లమెంటు మాటకు తిరుగులేదు. 1998 నాటి మానవ హక్కుల చట్టం ప్రకారం, ఒక శాసనం హక్కులకు పొసగదని కోర్టు ప్రకటించగలదే తప్ప కొట్టేయలేదు. ఆ మానవ హక్కుల చట్టాన్నే మామూలు మెజారిటీతో ఎత్తేయవచ్చు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదంటూ 1973లో కేశవానంద భారతి కేసులో మన సుప్రీంకోర్టు 7-6 తేడాతో గీసిన గీత లాంటిది అక్కడ లేదు. పెద్దమనుషులు పెద్దమనుషుల్లా ఉంటారన్న నమ్మకం మీదే ఇన్నాళ్లూ బండి నడిచింది.

ఆ పెద్దమనిషితనం గురించి తెలుగు గడ్డకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 1924లో అల్లూరి సీతారామరాజును విచారణ ఊసే లేకుండా కాల్చి చంపింది ఆ పాలనే. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ శిథిలాల మధ్య 1950లో, స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానానికి ఆధారమైన యూరప్ మానవ హక్కుల ఒడంబడికకు రూపమిచ్చిన వారిలో ముందు వరుసలో నిలిచింది డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్. నూరెంబర్గ్‌లో నాజీ నేత గోరింగ్‌ను బోనులో నిలబెట్టి ప్రశ్నించిన బ్రిటిష్ లాయరాయన, పైగా కన్జర్వేటివ్. ఆ ఒడంబడికను 1951లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం బ్రిటన్. మరుసటి ఏడే కెన్యాలో అత్యవసర పరిస్థితి పెట్టి వేలమందిని శిబిరాల్లో చిత్రహింసల పాల్జేసింది. విచారం వెలిబుచ్చి 5,228 మంది బాధితులకు పరిహారానికి ఒప్పుకొన్నది 2013లో. హక్కులు ఎవరికి వర్తిస్తాయన్న దగ్గరే బ్రిటన్ నాలుక ఎప్పుడూ రెండుగా చీలుతూ వచ్చింది. ఇప్పుడా చీలిక ఇంట్లోకే వచ్చింది.

ఆ ఒడంబడిక నుంచే బయటపడతామని నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకే పార్టీ 2025 ఆగస్టులో ప్రకటించింది. అక్టోబర్‌లో కన్జర్వేటివ్ నాయకురాలు కెమీ బేడనాక్ అదే పాట అందుకున్నారు. మాక్స్‌వెల్ ఫైఫ్ పార్టీయే ఇది! యూరప్‌లో ఆ గొడుగు బయట ఉన్న ముఖ్య దేశాలు రష్యా, బెలారస్. 1998లో ఉత్తర ఐర్లండ్‌లో తుపాకులు దించిన గుడ్ ఫ్రైడే ఒప్పందంలో ఈ ఒడంబడిక ఓ ఇటుక. దాన్ని లాగేస్తే గోడ ఏమవుతుందన్న ప్రశ్నకు నికరమైన జవాబు రాలేదు.

రువాండా కథలో మనవాళ్ల పాత్ర చిన్నదేం కాదు. పథకం తెచ్చినప్పుడు హోం మంత్రి ప్రీతి పటేల్. రువాండా విమానం ఎగరడం తన కల అన్నది ఆమె తర్వాత హోం మంత్రి అయిన సుయెల్లా బ్రేవర్‌మన్. చట్టం చేయించింది సునాక్. ముగ్గురి మూలాలూ ఈ ఉపఖండానివే. తాము పెడుతున్న కొత్త వలస నిబంధనలు అప్పట్లోనే ఉండి ఉంటే తన తల్లిదండ్రులే బ్రిటన్‌లో అడుగుపెట్టగలిగేవారు కాదేమోనని పటేల్ 2020లో స్వయంగా ఒప్పుకున్నారు. ఏరు దాటి తెప్ప తగలేసే విద్యకు రంగుతో, జాతితో పనిలేదు.

లేబర్ పార్టీ వస్తే గాలి మారుతుందనుకున్నారు. 2024లో ప్రధాని అయిన కియర్ స్టార్మర్ హక్కుల లాయరుగా పేరు తెచ్చుకున్న మనిషి. రువాండా పథకాన్ని మొదటి వారంలోనే ఎత్తేశారు, ఒడంబడికను వీడబోమన్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ 2025 మేలో దేశం ‘అపరిచితుల దీవి’గా మారే ప్రమాదముందని ఆయనే ప్రసంగించి, జూన్‌లో ఆ మాట అన్నందుకు తానే విచారం వెలిబుచ్చారు. జూలైలో పాలస్తీనా యాక్షన్ అనే బృందాన్ని ఉగ్రవాద చట్టం కింద నిషేధించారు. ఆ బృందం వాళ్లు వైమానిక స్థావరంలో దూరి విమానాలకు రంగు పూసిన మాట నిజం. అది నేరం, దానికి మామూలు చట్టాలున్నాయి. ఆగస్టు 9న లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో 500 మందికి పైగా అరెస్టయ్యారు. వారిలో అత్యధికుల నేరం, ఆ బృందాన్ని సమర్థిస్తున్నట్టు రాసిన అట్టముక్క పట్టుకుని కూర్చోవడం. సుమారు సగంమంది 60 దాటినవారు. అదే చౌరస్తాలో గాంధీ విగ్రహముంది. మహిళల ఓటు హక్కుకు పోరాడిన మిలిసెంట్ ఫాసెట్ విగ్రహమూ ఉంది, రెండు చేతులా బ్యానర్ చాచి పట్టుకుని. కంచు బొమ్మ కాబట్టి వ్యాను ఎక్కించలేదనుకోవాలి.

రాజద్రోహ సెక్షన్‌ను మన నెత్తిన రుద్ది, తమ దేశంలో 2009లో రద్దు చేసుకున్నారు వాళ్లు. మనమా? ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కింద బెయిలు లేకుండా ఏళ్ల తరబడి జైల్లో మగ్గేవాళ్లు మన దగ్గరున్నంతకాలం గొంతు పెంచే అర్హత ఎంతన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ హైకోర్టులో హక్కుల వ్యాజ్యం వేసే ఇక్కడి లాయర్లు స్ట్రాస్‌బర్గ్ తీర్పులను, బ్రిటిష్ తీర్పులను ఉటంకిస్తుంటారు. ఆ తీర్పుల వెనకున్న ఒడంబడికనే బ్రిటన్ కాదనుకుంటే, రేపు ప్రభుత్వ న్యాయవాది లేచి ‘అదంతా వాళ్లే వదిలేశారు కదా’ అంటాడు. బాధ ఇక్కడా తగులుతుంది.

మరో చోట ఇప్పటికే తగిలింది. సంరక్షణ సిబ్బంది చాలడం లేదని 2022 ఫిబ్రవరిలో వీసా తలుపులు బార్లా తెరిచింది బ్రిటనే. అక్కడి యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కోసం ఏజెంట్లకు లక్షలు పోసి, ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి వెళ్లిన తెలుగువాళ్లున్నారు. రాత్రి డ్యూటీలో మంచం పట్టిన ముసలివాళ్లను పక్కకు తిప్పి, తడిసిన దుప్పట్లు మార్చి, మందులు మింగించే పని అది. విదేశీ సిబ్బందిని పెట్టుకునేందుకు యజమానికున్న లైసెన్సు పోతే 60 రోజుల్లో మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. 2022 జూలై నుంచి రెండున్నరేళ్లలో 470కి పైగా సంస్థల లైసెన్సులు రద్దయ్యాయని, వాటితో ముడిపడిన కార్మికులు 39,000 మందికి పైనేనని ఆ ప్రభుత్వమే చెప్పింది. తప్పు సంస్థది, శిక్ష మాత్రం ఆయమ్మకు. ఇక 2025 నవంబర్ ప్రతిపాదనల ప్రకారం, అయిదేళ్లకు రావాల్సిన శాశ్వత నివాస హక్కు ఇలాంటి ఉద్యోగులకు 15 ఏళ్లకు జరుగుతుంది. ఇప్పటికే అక్కడున్నవారికీ దీన్ని వర్తింపజేయాలన్నది ఆలోచన. సగం ఆట అయ్యాక నిబంధనలు మార్చడం క్రికెట్ పుట్టినింటికి తగునా? 2020లో గురువారం రాత్రి ఎనిమిదింటికి గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టింది ఇలాంటి పని చేసేవాళ్ల కోసమే.

2025 జూలై 24న బ్రిటన్‌తో మన ప్రభుత్వం వాణిజ్య ఒప్పందం చేసుకుంది. స్కాచ్ విస్కీపై సుంకం 150 శాతం నుంచి 75కు దిగుతుంది. కంపెనీలు తాత్కాలికంగా పంపే ఉద్యోగులకు మూడేళ్లపాటు అక్కడి సామాజిక భద్రత చందా మినహాయింపూ సాధించారు. కేర్ వీసా మీద వెళ్లినవారు దాని కిందికి రారు. వారికి 60 రోజుల గడువు పెంచాలని, పాత నిబంధనల మీద వెళ్లినవారిని పాత నిబంధనలతోనే చూడాలని ఢిల్లీ లిఖితపూర్వకంగా అడగాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.