ఎయిటీస్ పాటలకి క్యాట్ ఎయిట్

ల్యాన్ కేబుల్ కొనడం నిజానికి చాలా చిన్న పని. రెండు చివరలా ఒకే రకం క్లిప్పు, మధ్యలో వైరు, అంతే. కానీ వెతకడం మొదలెడితే క్యాట్ (అంటే కేటగిరీ, కేబుల్ తరగతి) 5ఈ, 6, 6ఏ, 7, 8 అని వరసగా దిగుతాయి, పక్కన గోల్డ్ ప్లేటెడ్ అని, గేమింగ్ అని, ఆడియో గ్రేడ్ అని విశేషణాలు. వీటిలో క్యాట్ 7 సంగతి ఇంకా తమాషా, అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం టీఐఏ ప్రమాణాల్లో అసలా అంకే లేదు, వాళ్ళు 6ఏ నుంచి సరాసరి 8కి దూకేశారు, అయినా అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉంటారు కొనేవాళ్ళు కొంటూనే ఉంటారు.

మా బావకి ఇవన్నీ అక్కర్లేదు, అంకె పెద్దదైతే సరుకు మంచిది. హాలు చివరిదాకా వైఫై సరిగ్గా రావట్లేదు, పాటలు మధ్యలో ఆగిపోతున్నాయి, రూటర్ నుంచి మ్యూజిక్ ప్లేయర్‌కి కేబుల్ లాగేద్దాం అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది.

"క్యాట్ 6 తీస్కో బావా. గిగాబిట్‌కైతే, అంటే సెకనుకి వెయ్యి మెగాబిట్లకి, 5ఈ కూడా వంద మీటర్లు లాగుతుంది, నీకు కావాల్సింది హాలంత దూరమే కదా."

"ఒరేయ్ బామ్మర్దీ, నేను వినేది ఎయిటీస్ పాటలు. వాటికి ఎయిటే కరెక్టు."

దీనికేం సమాధానం చెప్తాం. క్యాట్ 8 అనేది డేటా సెంటర్లలో సర్వర్ల మధ్య ముప్ఫై మీటర్ల లోపు 25, 40 గిగాబిట్లు పంపడానికి చేసింది, నీ సీడీ క్వాలిటీ పాటకి కావాల్సింది సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్ళు, మొత్తం కలిపి 1.4 మెగాబిట్లు బావా అని లెక్కేసి చూపించా. లెక్కలతో సంగీతం వినరు అన్నాడు, ఆర్డర్ పెట్టేశాడు.

వచ్చింది చూస్తే రిబ్బన్‌లా బల్లపరుపుగా ఉంది, క్లిప్పులు బంగారు రంగు, ఒంటి మీద బాణం గుర్తులు. బాణం రూటర్ నుంచి ప్లేయర్ వైపు చూడాలట, అప్పుడే పాట సాఫీగా పారుతుందట. గిగాబిట్‌లో నాలుగు జతల వైర్ల మీదా ఒకేసారి అటూ ఇటూ రెండు వైపులా డేటా నడుస్తుంది, దానికి బాణం పెట్టడం దేనికో వేసినవాడికే తెలియాలి. సరే, బావ దాన్ని తలుపు కింద నుంచి దూర్చి ప్లేయర్‌కి పెట్టి, కళ్ళు మూసుకుని, డిస్కో బ్యాండ్ బీ గీస్ పాట పెట్టాడు.

"విన్నావా ఆ డ్రమ్ము? మనిషి చేత్తో కొట్టింది. ఇప్పటి పాటల్లో అన్నీ మెషీన్లే."

పెట్టింది 'స్టేయిన్ ఎలైవ్', 1977ది. అందులో డ్రమ్ము మనిషి కొట్టిందే గానీ ఈ పాట కోసం కాదు, వాళ్ళదే ఇంకో పాటలోంచి రెండు బార్ల టేపు ముక్క తీసి లూప్ చేసి తిప్పారు. నేనేం మాట్లాడలేదు, ఎందుకంటే బీ గీస్ విషయంలో నేనూ బావ పార్టీనే, డిస్కో అనగానే జనం వాళ్ళని వెక్కిరించడం అన్యాయం. గొడవల్లా ఎనభైల మధ్యలోకి వచ్చాకే, అప్పుడు చాలా పాటల్లో డ్రమ్ము ఖాళీ గోడౌన్‌లో తలుపు దబ్బున వేసినట్టుంటుంది, అడిగినా అడక్కపోయినా శాక్సాఫోన్ వచ్చేస్తుంది, ఎలా ముగించాలో తెలీకపోతే వాల్యూమ్ మెల్లగా తగ్గించి జారుకుంటారు. బావకి ఆ జారుకోవడమే ఇష్టం. ఇప్పుడు ఫేడవుట్ చేసే మొనగాడెవడు అంటాడు.

అసలు సంగతి అక్క వల్ల బయటపడింది. ఆఫీసు ఫైలు పెద్దది దిగాలని అదే కేబుల్ పీకి ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంది, స్పీడ్ టెస్ట్ చేస్తే 94 మెగాబిట్లు. రూటర్ పక్కన కూర్చుంటే వైఫైలోనే మూడొందలు దాటుతుంది.

"ఏవండీ, మీ డేటా సెంటర్ కేబుల్ కన్నా గాలే నయం."

బావ ఒక్క క్షణం ఆలోచించి, బాణం తిరగబడి ఉంటుంది అన్నాడు. నిజంగానే ఆ చివర ఈ చివర మార్చి, తలుపు కింద మళ్ళీ దూర్చి, మొత్తం తిప్పి పెట్టాడు. మళ్ళీ 94.

ఈ 94 అన్న అంకె చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. వంద మెగాబిట్ల లింకులో పైఖర్చులు పోగా చేతికి దక్కేది దాదాపు అంతే. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, వందకైతే ఆరెంజ్, గ్రీన్ జతలు రెండు చాలు, అందుకే మిగతా రెంటిలో ఏది తెగినా చాలా పోర్టులు చప్పుడు చేయకుండా వందకి దిగిపోయి పని కానిచ్చేస్తాయి. కేబుల్‌లోని ఎనిమిది వైర్లనీ ఒక్కోటిగా చూసే టెస్టర్ పెడితే ఒకటి, రెండు, మూడు వరసగా వెలిగాయి, నాలుగు దగ్గర చీకటి, తర్వాత ఐదు నుంచి ఎనిమిదిదాకా మామూలే. నాలుగంటే బ్లూ జతలోది. కేబుల్ పట్టుకుని వేలితో తడుముకుంటూ పోతే సరిగ్గా తలుపు రాసుకునే చోట నొక్కు, పైతొడుగు అరిగి తెల్లబడింది. అక్కడ బ్లేడుతో కాస్త చీల్చి చూస్తే బ్లూ వైరు రెండు ముక్కలు. క్యాట్ 8కి తప్పనిసరిగా ఉండాల్సిన షీల్డింగ్ రేకు ఆనవాలే లేదు. తెగిన కొసని గోకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం.

అక్క పడీ పడీ నవ్వింది. "మిల్లీ వానిల్లీ కేబుల్! వాళ్ళకీ అంతేగా, 1990లో గ్రామీ ఇచ్చి, రికార్డులో పాడింది వాళ్ళు కాదని తెలిశాక అదే ఏడాది వెనక్కి లాక్కున్నారు."

"వాళ్ళ సంగతి వేరు, నేను వినేది బోనీ ఎమ్."

"ఆ రెండు బ్యాండ్ల వెనకా ఉన్నది ఒక్కడే, నిర్మాత ఫ్రాంక్ ఫారియన్. మీ బోనీ ఎమ్‌లో స్టేజీ మీద ఎగిరేది బాబీ ఫారెల్, రికార్డులో వినపడే మగ గొంతు ఆ ఫారియన్‌దే!"

బావ మొహం ఒక్క నిమిషం వాడింది. తర్వాత తేరుకుని, "అయితే ఏంటి, పాట బాగుందా లేదా?" అన్నాడు. ఈ ఒక్క ముక్కకి మాత్రం మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మామూలు క్యాట్ 6, గుండ్రంగా ఉండేది, అసలు రాగిది తెప్పించి తలుపు పైనుంచి గోడ వెంట లాగాం. స్పీడ్ 940 వచ్చింది, అక్క ఖుషీ. బావ మాత్రం రెండు పాటలు విని పెదవి విరిచాడు. సౌండు పల్చబడిందట, ఇందాక పాటలో నిదానం ఉండేదట, వేగం పెరిగేసరికి అది పోయిందట. ఇప్పుడు అక్క ల్యాప్‌టాప్‌కి కొత్త కేబుల్, ప్లేయర్‌కి తలుపు కింద నలిగిన పాత బాణం కేబుల్, చీల్చిన చోట టేపు చుట్టి. నిన్న ఫోన్ చేసి, వందే ఇంత బాగుంటే పదికి దించితే ఇంకెలా ఉంటుందిరా అని అడిగాడు. వెటకారంగా ఏదో అందామనుకున్నా గానీ, లెక్క చూస్తే 1.4 మెగాబిట్ల పాటకి పది బ్రహ్మాండంగా సరిపోతుంది, ఇంకేం అంటాం, సెట్టింగ్ ఎక్కడుందో చెప్పా.