నాలుగు మీటర్ల కారు, మన పిల్లల పని

తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ దాపున, వాన కోసం ఎదురుచూస్తూ వేరుశనగ వేసే నేలలో, 2019లో దక్షిణ కొరియా కార్ల సంస్థ కియా కర్మాగారం తొలి కారును బయటికి పంపింది. ఏటా 3 లక్షల కార్లు చేయగల ఆ కర్మాగారం నుంచి 2023 జూలై నాటికే పది లక్షల కార్లు వచ్చాయి. వాటిలో 2020 సెప్టెంబరులో రూ.6.71 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన సోనెట్ గురించి ఈ జిల్లా వాళ్లం ప్రత్యేకంగా ఆలోచించాలి.

దాని పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లు తక్కువ ఉండడం కాకతాళీయం కాదు. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, ఇంజను పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని వాటిని చిన్న కార్లుగా లెక్కించి 2006 కేంద్ర బడ్జెట్‌లో ఎక్సైజు సుంకం తగ్గించారు. ఆ కొలతలే తర్వాత జీఎస్టీలోనూ నిలిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతిపై పన్ను 18 శాతానికి దిగింది. మధ్యతరగతి కుటుంబానికి ఇది నిజమైన ఊరట, అయినా మెట్టసేద్యం చేసే రైతుకు ఆ ధర ఇప్పటికీ దూరమే.

ఆ నాలుగు మీటర్ల నియమం లేని ఇండోనేషియాకు ఇదే కారును 4,120 మిల్లీమీటర్లకు పెంచి పంపారు. 2021లో మూడో వరుస సీటు కూడా చేర్చి ఏడుగురికి చోటిచ్చారు. ఒక దేశపు పన్ను చట్టాన్ని, మరో దేశపు కుటుంబ పరిమాణాన్ని చదివి బంపరు ఎంత ముందుకు జరగాలో తేల్చే ఈ పనిలోనే అసలైన విలువ ఉందని మేము భావిస్తున్నాం. బోల్టులు బిగించే పనిని చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది దానివల్లే. కానీ కారు రూపురేఖలు కొరియాలో తేలుతుంటే, మన వాళ్లు బిగింపు దగ్గరే ఆగిపోకూడదు.

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ శాతాన్ని తలల లెక్కతోనే కొలిస్తే చాలదు. డైలు, మౌల్డులు (విడిభాగాలకు రూపమిచ్చే అచ్చులు), వైరింగ్, పొగ పరీక్షల విభాగాల్లో ఎందరున్నారన్నది కూడా ప్రభుత్వం ఏటా వెల్లడించాలి. అనంతపురం జేఎన్‌టీయూ, ఈ ప్రాంతపు పాలిటెక్నిక్‌లు, ఐటీఐల పాఠ్యప్రణాళికలో ఈ విద్యలకు వచ్చే విద్యా సంవత్సరం నుంచే చోటు కల్పించాలని, చివరి ఆరు నెలలు విద్యార్థులు కర్మాగారంలోనూ విడిభాగాల యూనిట్లలోనూ భృతితో పని నేర్చుకునేలా ఒప్పందాలు చేయించాలని కోరుతున్నాం.