రాణి కూర్చున్న ముహూర్తం

మా బాబాయి పోలీసు జాగిలాల దళంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఏడాదే రాణి కూడా విరమణ చేసింది. ఆయనకు పెన్షన్ దక్కింది, రాణికి మా పిన్ని వంటింటి గడప దక్కింది. మొయినాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో నెలల తరబడి పేలుడు పదార్థాల వాసనలు నేర్చుకుని, ఆ తరువాత ఎనిమిదేళ్లపాటు సభాస్థలాలూ, రైల్వే ప్లాట్‌ఫారాలూ, మంత్రులు కూర్చోబోయే కుర్చీలూ వాసన చూసి వచ్చిన గోధుమరంగు లాబ్రడార్ అది. అది పోయి ఈ కార్తీకానికి రెండేళ్లు. కార్తీకం రాగానే మా వాళ్లందరికీ బాబాయి కొడుకు గృహప్రవేశం గుర్తుకొస్తుంది. ఆ వెంటనే నవ్వొస్తుంది, బాబాయికి తప్ప.

మందుగుండు పసిగట్టే జాగిలం అరవదు, గోళ్లతో గీరదు. అలజడికి ఆ వస్తువు పేలిపోయే ప్రమాదం ఉంది గనుక, వాసన తగలగానే దాని ఎదుట చడీచప్పుడు లేకుండా కూర్చోవాలని నేర్పుతారు. ఈ సంగతిని బాబాయి మాకు ప్రతి పండుగ భోజనంలోనూ, సరిగ్గా పప్పు వడ్డించే వేళకు, చెప్పేవాడు. 1993 పేలుళ్ల తరువాత ముంబైలో 3,329 కిలోల ఆర్డీఎక్స్‌ను పట్టించిన జంజీర్ అనే లాబ్రడార్ 2000లో చనిపోతే పోలీసు లాంఛనాలతో సాగనంపారని కూడా చెప్పేవాడు. ఆ అంకెలో చివరి తొమ్మిది కిలోలను ఏనాడూ వదిలింది లేదు.

గృహప్రవేశం ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకు. ఊరి నుంచి వచ్చే చుట్టాలను తీసుకురావడానికి బాబాయి బస్టాండుకు వెళ్లాడు. ఆవు గడప దాటింది, దాని వెనకే ఎవరూ పిలవకుండానే రాణి కూడా దాటింది. శాస్త్రులుగారు పూజసామాను సంచి కోసం చెయ్యి చాచేసరికి, అది ఆ సంచిని ఒకసారి వాసన చూసి, చెవులు నిక్కించి, దాని ఎదుట కూర్చుంది.

“కూర్చుంది,” అన్నది పిన్ని, చాలా నెమ్మదిగా.

అంతే, అరవైమంది వీధిలో ఉన్నాము. పొంగించవలసిన పాలగిన్నెను భద్రంగా పట్టుకుని అందరికన్నా ముందు బయటపడిన వాణ్ణి నేనే. నా భార్య ఇంకా లోపలే ఉన్న సంగతి తరువాత ఆమే గుర్తుచేసింది, ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంది. అప్పుడు మా మేనల్లుడు నా పంచె లాగి, “మామయ్యా, దీపావళికి మిగిలిన లక్ష్మీబాంబులు అమ్మకు కనబడకుండా అందులో దాచాను,” అన్నాడు. సురేకారం, గంధకం, అర కిలో. రాణి తప్పేమీ లేదు.

భయం తీరింది గానీ రాణి లేవలేదు. సంచి దగ్గరకు చెయ్యి వెళితే చాలు, గొంతులో చిన్న గుర్రు. లడ్డూ చూపిస్తే మొహం తిప్పుకుంది, పరాయి చేతి తిండి ముట్టరాదన్నది దాని ఉద్యోగ ధర్మం. శాస్త్రులుగారు గడియారం వంకా, కుక్క వంకా మార్చి మార్చి చూస్తున్నారు. ఫోనులో బాబాయి మండిపడ్డాడు: “బంతి ఇచ్చారా? వాసన పట్టినందుకు బంతే దాని జీతం. జీతం ఇవ్వకుండా డ్యూటీ దిగమంటే దిగుతుందా?”

“బంతి కావాలట!” అని నేను కేకవేయగానే, మా పెద్దత్తయ్య గుమ్మానికి కట్టిన బంతిపూల దండను తెంపుకొచ్చి రాణి మెడలో వేసింది. రాణి దండను పట్టించుకోలేదు, సంచినీ వదలలేదు. ముహూర్తానికి ఇక నాలుగు నిమిషాలు ఉందనగా, ఏం తోచిందో గానీ శాస్త్రులుగారు పళ్లెంలోంచి ఒక బత్తాయిని తీసి నేలమీద దొర్లించారు. రాణి దాన్ని నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ, మెడలో దండతోనే వరండాలోకి నడిచిపోయింది. పాలు వేళకే పొంగాయి.

ఆనాటి దాని ఫోటో బాబాయి హాల్లో, జంజీర్ గురించిన పత్రికా కత్తిరింపు పక్కన ఉంది. కింద ఆయన చేతిరాతతో తేదీ, “అర కిలో” అని. పిన్ని ప్రతి కార్తీకంలో ఆ ఫోటోకు బంతిపూల దండ వేస్తుంది. దాన్ని చూసి బాబాయి ఏదో గొణిగి, వంటింట్లోకి వెళ్లి బత్తాయి తెచ్చి పెడతాడు.