మెట్ల కింద ఇన్వర్టర్ గారికి

మహారాజశ్రీ ఇన్వర్టర్ గారికి, కర్నూలు నుంచి మీ యజమానిని అనుకుంటున్నవాడు రాయునది. ఉభయకుశలోపరి.

మీరు మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఉంటారు కాబట్టి బయట జరిగే యుద్ధం మీదాకా వచ్చినట్టు లేదు. దేశానికి అణు కరెంటు కావాలా, ఎండా గాలీ చాలవా అని జనం రెండు పార్టీలుగా చీలిపోయారు. కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగేవాళ్ల నుంచి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు దాకా ఇదే గోల. మా బావది అణు పార్టీ. "2047 కల్లా లక్ష మెగావాట్ల అణు కరెంటు, కేంద్రమే చెప్పింది" అంటాడు. మా చిన్నాన్నది సూర్యుడి పార్టీ. ఆయన డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించి 78 వేల సబ్సిడీ తీసుకున్నాడు. ఒక సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి పునాది నేనెక్కడా చూడలేదు.

కరెంటు పోయిందంటే మాత్రం ఇద్దరిదీ మీ పార్టీయే.

చిన్నాన్న చెప్పేది అబద్ధమేమీ కాదు. గని, శకునాల అనే ఊళ్ల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017లో అది మొదలైనప్పుడు ఒకేచోట ప్రపంచంలో అంత పెద్దది లేదని గొప్పగా చెప్పుకున్నాం. సీమలో దేనికి కరువొచ్చినా ఎండకి రాదు కదా. కానీ పొద్దు గూకగానే ఆ ప్యానెళ్లన్నీ డ్యూటీ దిగిపోతాయి. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఏసీలు, టీవీలు, సీరియళ్లు డ్యూటీ ఎక్కుతాయి.

ఇక్కడ బావ అందుకుంటాడు. "రియాక్టర్ అయితే రాత్రీ పగలూ నడుస్తుంది." నడుస్తుంది, కడితే. శ్రీకాకుళం దిక్కున కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామన్నారు. మొదట ఒక అమెరికా కంపెనీ అన్నారు, తర్వాత ఇంకో అమెరికా కంపెనీ అన్నారు. ఆ రెండోది 2017లో దివాలా పిటిషన్ వేసి, మళ్లీ తేరుకుంది. రియాక్టర్లు ఇంకా కాగితాల మీదే ఉన్నాయి. కాగితం మీది రియాక్టర్‌కి ఒక సుగుణముంది లెండి, పేలదు.

దేశంలో నడుస్తున్న రియాక్టర్ల కోసం కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. శుద్ధి చేయగా మిగిలిన వ్యర్థాలు పోసే చెరువు పక్కనే కొట్టాల లాంటి పల్లెలున్నాయి. బోరు నీళ్లు పాడైపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. పరీక్షలకని వచ్చినవాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఇన్వర్టర్ గారూ, మీకు నేను వేళ తప్పకుండా డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాను. ఈ చుట్టుపక్కల అంత శుభ్రమైన నీళ్లు తాగుతున్నది మీరొక్కరే.

2024లో మన దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలోనూ యురేనియం వెతకడానికి బోర్లు వేస్తామన్నారు. ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఒకప్పుడు ఫ్యాక్షన్‌కి పేరుపడ్డ ఊరది. ఈసారి అందరిదీ ఒకటే వర్గం.

ఇది చదివి చిన్నాన్న మీసం దువ్వనక్కర్లేదు. 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే సోలార్, విండ్ కంపెనీలతో రాసుకున్న రేట్లు ఎక్కువని తిరగదోడారు. 2022లో హైకోర్టు, రాసుకున్న రేటే కట్టమంది. మూడేళ్లు ఎండకి రేటెంత అని కొట్లాడారు, ఎండ మాత్రం ఫ్రీగానే కాసింది.

అసలు మీకు పాణ్యం దగ్గర పిన్నాపురంలో ఒక అన్నగారున్నారు, తెలుసా? 2022లో శంకుస్థాపన చేసిన 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు. పగలు కరెంటు మిగిలినప్పుడు కింది రిజర్వాయర్ నీళ్లు పైదాంట్లోకి తోడటం, చీకటి పడ్డాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పటం, అదీ ఆయన పని. మీరు సీసం, యాసిడ్‌తో చేసేది ఆయన కొండతో, నీళ్లతో చేస్తారు. తోడటానికి పట్టినంత కరెంటు తిరిగి రాదు. మీరు మాత్రం మింగినదంతా కక్కుతున్నారా? అయినా రాత్రి పూట ఫ్యాను తిరగాలంటే మీలాంటివాళ్లే దిక్కు. అంత జరుగుతున్నా కరెంటు దాచిపెట్టే పని గురించి మా గ్రూపులో ఒక్క ఫార్వర్డూ రాలేదు. దాచేవాళ్లకి జెండా లేదు మరి.

ఇంకో సంగతి, ఇది మీకూ నాకూ మధ్యనే ఉండాలి. మా వీధిలో కరెంటు పోయేది యురేనియం చాలక కాదు, ఎండ చాలక కాదు. గాలి లేచినప్పుడల్లా వేపకొమ్మ ఒకటి తీగల మీద వాలుతుంది. ఆ కొమ్మ కొట్టించమని లైన్‌మన్‌ని అడుగుదాం రమ్మంటే బావకీ తీరదు, చిన్నాన్నకీ తీరదు. ఇద్దరికీ దేశం పని ఉంది.

మా అబ్బాయి మిమ్మల్ని తీసేసి లిథియం బ్యాటరీ పెట్టిద్దామంటున్నాడు. ఆ మాట విని మీరు రాత్రంతా కుయ్ కుయ్ మనకండి. ఈ నెల బిల్లులో ట్రూ అప్ అని ఒక లైను వచ్చింది. ఎప్పుడో వాడేసి, అప్పుడే డబ్బు కట్టి, మర్చిపోయిన కరెంటుకి ఇంకా బాకీ ఉన్నామట. అది తీరేదాకా మీ ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇట్లు,
మీ ఫ్యాను కింద పడుకునే విధేయుడు