సాఫ్ట్‌వేర్ కొన్నారు సరే, తెలుగు పుస్తకం దొరుకుతోందా?

విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. లైబ్రరీల్లోకి కొత్త టెక్నాలజీ రావాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కార్డు కేటలాగు రోజులు మళ్ళీ రావాలని నాకు ఏ కోశానా లేదు. కానీ మన కాలేజీల్లోకి అది వస్తున్న తీరు చూస్తుంటే మాత్రం కడుపు రగిలిపోతోంది.

మొన్న బీఏ ఫైనలియర్ అమ్మాయి ఒకతి గ్రంథాలయోద్యమం మీద ప్రాజెక్టు చేస్తున్నానని వచ్చింది. ఓపాక్ (పుస్తకాలు వెతికే కంప్యూటర్ కేటలాగు) ముందు కూర్చోబెట్టాను. తెలుగులో ‘అయ్యంకి’ అని కొట్టింది. ఏమీ రాలేదు. ఇంగ్లిష్‌లో ‘ఏ’తో మొదలుపెట్టి కొడితే ఒక పుస్తకం వచ్చింది. ‘ఐ’తో కొట్టి చూడమ్మా అన్నాను, ఇంకో రెండు వచ్చాయి. వెంకటరమణయ్య అన్న చోట స్పెల్లింగ్ మారిస్తే మరొకటి. అన్నీ ఒకే బీరువాలో పక్కపక్కనే ఉన్న పుస్తకాలు. “మేడమ్, మీరు పక్కన లేకపోతే లేవనుకుని వెళ్ళిపోయేదాన్ని” అంది. 1914లో మొట్టమొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు ఇది. దానికి పూనుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరు ఇదే ఊళ్ళో, ఒక కాలేజీ లైబ్రరీలో, తెలుగులో కొడితే దొరకదా? ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఎందుకిలా అయిందో చెప్తాను. సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు డేటా ఎంట్రీని పుస్తకానికి ఇంత అని మాట్లాడి బయటివాళ్ళకి ఇచ్చేశారు. వచ్చిన కుర్రాళ్ళు అక్సెషన్ రిజిస్టర్ (లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ వరుసగా రాసే ఖాతా) ముందు పెట్టుకుని, తెలుగు పేర్లన్నీ ఎవరికి తోచిన ఇంగ్లిష్ స్పెల్లింగులో వాళ్ళు కొట్టేసి వెళ్ళారు. వాళ్ళని తప్పుపట్టను. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ టీం వచ్చేలోపు అయిపోవాలని మెడ మీద కత్తి పెడితే ఎవరైనా అంతే చేస్తారు. నాక్ వాళ్ళ ఫారంలో లైబ్రరీకి సంబంధించిన 4.2 భాగంలో లైబ్రరీ ఆటోమేషన్ గురించి అడిగేవి సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఏ సంవత్సరంలో పెట్టారు, పూర్తిగానా పాక్షికంగానా. ఈ నాలుగూ నింపితే ఆ గడి అయిపోతుంది. వెతికినవాళ్ళకి పుస్తకం దొరికిందా అని అక్కడ ఎవరూ అడగరు. అందుకే మేనేజ్‌మెంట్లూ అడగవు.

సాఫ్ట్‌వేర్‌లో లోపం ఏమీ లేదు. మా దగ్గర ఉన్నది కోహా. న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ ట్రస్టు కోసం తయారై 2000లో పనిలోకి దిగింది. లైసెన్సుకి రూపాయి కట్టక్కర్లేదు. యూనికోడ్ తెలుగుని చక్కగా తీసుకుంటుంది. పుస్తకాల వివరాలు కంప్యూటర్లో రాసే పద్ధతి మార్క్ 21లో 880 అనే ఫీల్డు ఉన్నదే ఇందుకు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న పేరుకి జతగా తెలుగు లిపిలో పేరు అందులో పెడితే, ఎలా వెతికినా పుస్తకం తగులుతుంది. కోహాలో వెతుకులాటని నడిపే జీబ్రా ఇండెక్సింగ్‌ని ఇంగ్లిష్ కాని లిపుల్ని కూడా సరిగా పట్టుకునే ఐసీయూ పద్ధతికి మార్చుకోవాలి. రచయితల పేర్లకి అథారిటీ ఫైలు కట్టుకోవాలి. ‘ఏ’తో రాసినా ‘ఐ’తో రాసినా ఒకరే అని అప్పుడు కంప్యూటర్‌కీ తెలుస్తుంది. దీనికి కావలసింది తెలుగు, కేటలాగింగ్ రెండూ వచ్చిన ఒక మనిషి, ఆ మనిషికి కాస్త తీరిక. అడిగితే పోస్టు లేదంటారు. ఉన్న అసిస్టెంటుని పరీక్షల డ్యూటీకి పంపిస్తారు.

అదే పుస్తకాల్లో అతికించిన చిప్ ట్యాగుల్ని రేడియో తరంగాలతో చదివే ఆర్ఎఫ్ఐడీ గేటు కావాలంటే చకచకా కొటేషన్లు వచ్చేస్తాయి. గేటు గుమ్మంలోనే కనపడుతుంది, ఫోటోలో పడుతుంది. ఆర్ఎఫ్ఐడీ మంచిదే, స్టాక్ వెరిఫికేషన్ ఎంత సులువవుతుందో చేసినవాళ్ళకి తెలుసు. అయితే ఇనప బీరువాలకి ఆనుకున్న పుస్తకాల్లో ట్యాగులు సరిగా చదవదని, వాటిని అతికించే చోటు ముందే చూసుకోవాలని అమ్మేవాళ్ళు చెప్పరు. వారంటీ అయ్యాక ఏఎంసీకి (ఏటా కట్టే మరమ్మతుల ఒప్పందం) బడ్జెట్ లేక పక్కన పడున్న గేట్లు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళలోనూ చూశాను.

ఈ-రిసోర్సుల సంగతీ ఇంతే. గుజరాత్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ వాళ్ళు కాలేజీలకి ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎన్-లిస్ట్‌లో వేల జర్నళ్ళు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు ఉన్నాయి. చందా కట్టిన కాలేజీలో ప్రతి విద్యార్థికీ సొంత లాగిన్ ఇవ్వొచ్చు. మేం పేర్లు, మెయిల్ ఐడీలు ఎక్కిస్తాం. పాస్‌వర్డ్ మెయిల్‌కి వెళ్తుంది. మన పిల్లలు మెయిల్ తెరవరు. దాంతో ఆ లాగిన్ అక్కడే చచ్చిపోతుంది. క్లాసుకి వెళ్ళి, వాళ్ళ ఫోన్లలోనే తెరిపించి, వాళ్ళ సబ్జెక్టులో ఒక వ్యాసం దింపి చూపిస్తే అప్పుడు పట్టుకుంటారు. నేను చేసి చూశాను, పట్టుకున్నారు. దానికి టైంటేబుల్‌లో ఒక పీరియడ్ ఇవ్వమంటే ఇచ్చే ప్రిన్సిపాళ్ళు ఎంతమంది?

కేంద్రం 2025 నుంచి మూడేళ్ళకి 6,000 కోట్లతో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పెట్టింది. ఒకే చందా మీద దాదాపు 13,000 జర్నళ్ళు. గొప్ప పనే. కానీ ప్రస్తుతానికి అది ప్రభుత్వ సంస్థలకే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేటు కాలేజీల్లో. వాళ్ళెందుకు బయట ఉండాలి? దీని మీద గొంతెత్తాల్సింది మన కాలేజీల యాజమాన్యాలే.

ఇక ఏఐ. పిల్లలు చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల లిస్టు పట్టుకుని నా కౌంటర్ దగ్గరికి వస్తున్నారు. జర్నల్ నిజమే, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ నమ్మేలాగే ఉంటాయి. తీరా ఆ సంచిక తెరిస్తే ఆ వ్యాసం ఉండదు. ఒక్కో లైను డీఓఐ (వ్యాసానికి ఇచ్చే గుర్తింపు నంబరు) పెట్టి వెతికించి, లేదని వాళ్ళ కళ్ళతోనే చూపిస్తున్నాను. ఇదీ లైబ్రరీ పనే. ఏఐ టూల్ కొనడానికి ముందుకొస్తున్నవాళ్ళు ఈ పనికి మనిషిని ఇవ్వడానికి వెనక్కి తగ్గుతున్నారు.

1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. ఆ రోజుకి అదే కొత్త టెక్నాలజీ. పడవ కొని రేవులో కట్టేసి ఊరుకోలేదు కదా! అందులో మనిషి వెళ్ళాడు, గట్టు మీదున్న వాళ్ళని పిలిచి చేతికి పుస్తకం ఇచ్చాడు. అదే ఇప్పుడు మాకు కావాలి.

యాజమాన్యాలకి నేను చెప్పేది ఇది. ఏ టూల్ కొన్నా సంతకం పెట్టేముందు లైబ్రేరియన్‌నీ, పదిమంది విద్యార్థుల్నీ కూర్చోబెట్టి వాడించండి. తెలుగులో కొట్టి వెతికించండి. రేపు మానేయాల్సి వస్తే మా డేటా మొత్తం మార్క్ ఫైలుగా బయటికి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేమన్నవాళ్ళని గుమ్మంలోంచే పంపించేయండి. పాత సాఫ్ట్‌వేర్‌లోంచి మా రికార్డులు బయటికి తీయడానికి పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

తోటి లైబ్రేరియన్లకి ఒక మాట. అవే తెలుగు పుస్తకాల్ని బెజవాడలో ఒకరు, గుంటూరులో ఒకరు, ఎవరికి వాళ్ళు మళ్ళీ మళ్ళీ కొడుతున్నాం. ఒకరు సరిగా చేసిన రికార్డుని మిగతావాళ్ళు లైబ్రరీల మధ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకునే Z39.50 పద్ధతితో దించుకోవచ్చు, లేదా ఫైలుగా తీసుకోవచ్చు. తెలుగు సాహిత్యం బీరువాల నుంచి మొదలుపెట్టి నేను 880 ఫీల్డులు నింపుతున్నాను. పూర్తయినంత మేరకు ఎవరడిగినా ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తాను. చరిత్ర, ఆర్థికశాస్త్రం ఎవరైనా తీసుకుంటామంటే చెప్పండి, ఈ వేసవి సెలవుల్లోనే పంచుకుని మొదలుపెడదాం.