అంగుళం తగ్గితే అంతస్తు తగ్గదా?

టొరంటో చుట్టుపక్కల మిస్సిసాగా, బ్రాంప్టన్, మిల్టన్ ఊళ్లలో అక్టోబరు రాగానే మన తెలుగు కుటుంబాల్లో ఒక ధర్మసంకటం తలెత్తుతోంది. తెలుగు సంఘాల పెద్దలు దీన్ని ఇంతవరకు పట్టించుకోకపోవడం శోచనీయం. కారుకు వింటర్ టైర్లు వేయించడమా మానడమా అన్నది కాదు ఆ సంకటం. అది ఎప్పుడో తేలిపోయింది. చలి 7 డిగ్రీల లోపుకి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోదనీ, మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు గుర్తున్న టైరైతే మెత్తగా పట్టుకుంటుందనీ అందరం ఒప్పుకున్నాం. పక్కనున్న క్యుబెక్‌లో రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి తప్పనిసరి. లేకపోతే జరిమానా 200 డాలర్ల దగ్గర మొదలవుతుంది. మన ఒంటారియోలో అలాంటి చట్టం లేదు గానీ, అవి వేయించుకున్నవాళ్లకు ఇన్సూరెన్సులో తగ్గింపు ఇచ్చి తీరాలని 2016 నుంచి రూలుంది. తగ్గింపు ఉందన్నాక మనవాళ్లకు చట్టంతో పనేముంది?

అసలు చిక్కంతా సైజు దగ్గర.

టొయోటా కొరోలా కారులో పై మోడల్ కొన్న ఒక గృహస్థును తీసుకుందాం. ఇంట్లో నెలరోజులు వాదించి, కింది మోడల్ చాలన్న భార్యను ఎలాగో ఒప్పించి, 18 అంగుళాల అల్లాయ్ వీల్స్ బండి తెచ్చుకున్నాడు. టైరు మీద 225/40 ఆర్18 అని ఉంటుంది. 225 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో నూటికి 40 వంతులు సైడ్‌వాల్, అదే టైరు పక్కగోడ ఎత్తు, అంటే 90 మిల్లీమీటర్లు. 18 అంటే రిమ్ము అంగుళాలు. ఆర్ అంటే రేడియల్, దాని జోలికి ఎవరూ పోరు.

ఇంతటివాడు టైర్ల షాపుకి వెళితే కౌంటరు దగ్గరి కుర్రాడు కంప్యూటరు వంక చూస్తూ ఏమంటాడు? "205/55 ఆర్16 వేసుకోండి సార్, నల్ల స్టీలు రిమ్ముల మీద." అదీ అవలీలగా, ఎదుటివాడి పరువు గురించి రవ్వంత ఆలోచన లేకుండా!

పైగా లెక్కలు చెబుతాడు. సన్నటి టైరు మంచును కోసుకుంటూ కిందికి దిగుతుందట, వెడల్పుది పైన తేలుతుందట. 16కి వెళితే సైడ్‌వాల్ 113 మిల్లీమీటర్లకు పెరుగుతుంది కాబట్టి గుంతలో పడ్డా దెబ్బ రబ్బరు కాసుకుంటుందట. చక్రం మొత్తం ఎత్తు చూస్తే అది 637, ఇది 632 మిల్లీమీటర్లు, అంటే నూటికి ఒక వంతు తేడా కూడా లేదు కనుక స్పీడోమీటరు ఇంచుమించు నిజమే చెబుతుందట. రోడ్ల మీద చల్లే ఉప్పుకి మంచి అల్లాయ్‌లు బలికాకుండా గరాజ్‌లో భద్రంగా ఉంటాయట. ధర కూడా తక్కువట.

ఈ లెక్కల్లో తప్పేమీ లేదు. తప్పేమీ లేని లెక్కలతోనే సంసారాలు దెబ్బతింటాయి. ఎందుకంటే ఆ 205/55 ఆర్16 ఎక్కడిదో కాదు, అదే కొరోలా కింది మోడల్‌కి కంపెనీవాళ్లు ఇచ్చే సైజు! నెలరోజులు వాదించి మరీ ఏ మోడల్ వద్దన్నాడో, ఏటా నాలుగు నెలలకు పైగా ఆ మోడల్ చక్రాల మీదే తిరగమంటున్నారు. మొదటి వారాంతంలోనే బావమరిది వస్తాడు.

"ఏం బావా, బండి మార్చావా?"

"లేదురా, టైర్లు మార్పించాను."

"ఓహో! నేనింకా బేస్ మోడల్‌కి వచ్చేశావేమో అనుకున్నా."

ఇది విని వంటింట్లోంచి వినిపించే నవ్వుకి ఏ ఇన్సూరెన్సు తగ్గింపూ సరిపోదు.

అందుకే చలికాలంలోనూ 18 అంగుళాలే వాడతానని పట్టుబట్టిన ఒక పెద్దమనిషికి ఈ వ్యాసం ద్వారా జోహార్లు అర్పిస్తున్నాను. మార్చిలో మంచు కరిగి, నీళ్లు నిండి, ఏది గుంతో ఏది రోడ్డో తెలియని రోజుల్లో ఆయన కుడివైపు ముందు చక్రం నేలకొరిగింది. రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయింది, సైడ్‌వాల్ మీద గుప్పెడంత బుడిపె లేచింది. ఆయన చలించలేదు. మళ్లీ అదే సైజు ఆర్డరిచ్చాడు. 17 అంగుళాల మధ్యేమార్గం సూచించినవాళ్లతో నేటికీ మాట్లాడటం లేదు.

అవమానాలు ఇక్కడితో ఆగవు. వేసవి టైరు మీద వి అక్షరం ఉంటే గంటకు 240 కిలోమీటర్ల వేగానికి పనికొస్తుందని అర్థం. వింటర్ టైరు మీద చాలాసార్లు టి ఉంటుంది, 190 మాత్రమే. మనవాడికి ఇది మింగుడుపడదు. 401 హైవే మీద మంచు తీసే లారీలు మూడు వరసల్నీ ఆక్రమించి నింపాదిగా పోతుంటే, వాటి వెనక నలభైలో వెళుతూ, పోయిన ఆ 50 కిలోమీటర్ల కోసం కుమిలిపోతుంటాడు.

ఆధ్యాత్మిక కోణం కూడా ఉంది. కొత్త కారును గుడికి తీసుకెళ్లి, హారతిచ్చి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఆ నిమ్మకాయలు తొక్కిన టైర్లేమో గరాజ్‌లో పడుకుంటాయి. రోడ్డు అద్దంలా జారే రోజుల్లో, రక్షణ అత్యవసరమైన ఆ నాలుగు నెలలూ, పూజకు నోచుకోని టైర్ల మీద తిరుగుతున్నాం. దిష్టి బండికి తీసినట్టా, టైర్లకు తీసినట్టా? పూజారిగారిని అడిగితే, ఆయన తన కారు వంక చూపించారు. దానికి నల్ల స్టీలు రిమ్ములే ఉన్నాయి.

పరువు ఒకవైపు, పొదుపు ఒకవైపు లాగితే మనవాడు పట్టుకునే దారి సెకండ్‌హ్యాండ్ రిమ్ములు. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, చీకటి పడ్డాక కాఫీ షాపు పార్కింగ్‌లో నోట్లు లెక్కపెట్టి, నాలుగూ డిక్కీలో వేసుకొస్తాడు. 16 అంగుళాలు, ఐదు బోల్టులు, తన బండికీ ఐదే. మర్నాడు పొద్దున జాకీ మీద లేపి చక్రం హబ్బుకి, అంటే దాన్ని బిగించే ఇరుసు చివరికి, ఆనించి చూస్తే ఒక కన్నం కుదురుతుంది, మిగతా నాలుగూ కుదరవు. బోల్టుల వలయం కొన్ని కార్లకు 100 మిల్లీమీటర్లు, కొన్నిటికి 114.3. అది సరిపోయినా నడిమి కన్నం హబ్బుకి కుదరాలి, ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందన్న కొలత, కుదరాలి, రిమ్ము లోపల బ్రేకుకి చోటుండాలి. అన్నీ కుదిరి బిగించాక కూడా ఓ వంద కిలోమీటర్లు తిరిగి, నట్లు మళ్లీ బిగువు కొలిచే టార్క్ రెంచితో సరిచూసుకోవాలి. ఇవన్నీ చూసుకునే ఓపికే ఉంటే షాపులోనే కొనేవాడుగా?

కనుక తెలుగు సంఘాలకు నా విన్నపం ఒకటే. జనవరిలో సంక్రాంతి సంబరాలకు స్కూలు ఆడిటోరియం ముందు రెండు వందల కార్లు ఆగుతాయి. అన్నీ ఉప్పు పట్టి బూడిదరంగులో, అన్నీ నల్ల చక్రాలతో ఉంటాయి. ఎవరిది పై మోడలో, ఎవరిది కింది మోడలో తెలిసే దారి లేదు. ఇలాగే వదిలేస్తే మనవాళ్ల మధ్య సమానత్వం ప్రబలే ప్రమాదముంది. సభ్యత్వ రుసుముతో పాటు "వేసవిలో 18" అని తెలుగులో ముద్రించిన స్టిక్కరు ఇచ్చి, డిక్కీ మీద మోడల్ పేరు పక్కనే అతికించుకోనివ్వాలి. పంపిణీ అక్టోబరులోనే ముగించాలి, ఆ తర్వాత చలికి జిగురు పట్టదు.