ఆటోలన్నీ ఫ్లైఓవర్ దగ్గరే ఆగాయి

వరదల్లాంటి విపత్తులప్పుడు చర్చిలు విడివిడిగా సాయం పంచకుండా కానుకలన్నీ ఒకే ఉమ్మడి నిధిలో వేస్తే మేలని ఒక వ్యాసం చదివాను, దానితో నేను ముప్పావు వంతు ఏకీభవిస్తాను. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు గుట్టలుగా పడి ఉన్నాయి, లోపలి సందుల్లో మాకు మంచినీళ్లకే కటకట. ప్రతి చర్చి సంఘమూ బ్యానర్ కట్టి ఒక ఆటో పంపింది, అన్నీ అక్కడే ఆగాయి (మా సంఘం ఆటో కూడా, దాచడమెందుకు). నీళ్లు తీశాక కావలసింది అన్నం కాదు, స్టవ్, పరుపులు, పిల్లల పుస్తకాలు. అప్పటికి ఒక్క ఆటో లేదు.

ఇదేం కొత్త ఆలోచన కాదులెండి. ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సంఘాలకు 1947 నుంచీ కాసా అనే ఉమ్మడి సహాయ సంస్థ ఉంది, క్యాథలిక్కులకు అలాంటిదే కారితాస్ ఉంది. వ్యాసంలో రానిది ఒకటుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. కాబట్టి చిన్న చర్చిల దాకా చేరే నిధి ఇక్కడి కానుకలతోనే నిండాలి.

నా పేచీ అంతా లెక్కల దగ్గరే. వరద కోసం మా దగ్గర పట్టిన ప్రత్యేక కానుక ఏమైందని అడిగితే, "దేవుడికిచ్చాక లెక్కలేంటమ్మా" అన్నారు ఒక పెద్దాయన. ఉమ్మడి నిధి పెట్టండి, ఖర్చుల కాగితం నెలనెలా చర్చి నోటీసు బోర్డుకు అంటించండి. మొదటి వెయ్యి నాది.